మెట్రిక్ చదివే పిల్లవాడిచేత సాయంత్రం ఆట మాన్పించవచ్చునా?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి ఒక తల్లి):
మా అబ్బాయి ఇక్కడి ఒడియా మాధ్యమం బడిలో పదవ తరగతి చదువుతున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కావడం వల్ల ఏ పాఠమైనా రెండుసార్లు చదివితే గాని వాడికి పట్టుబడదు. మెట్రిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి కనుక సాయంత్రం కబడ్డీ మాన్పించి, ఆ గంట కూడా ట్యూషన్‌కే పంపుదామని మావారు అంటున్నారు. ఒళ్ళు కదిలితేనే బుర్ర కదులుతుందని మా అత్తగారి వాదన. ఇందులో శాస్త్రం నిరూపించినది ఎంత, మాటవరసకు చెప్పుకొనేది ఎంత?

జవాబు (బరంపురం, విశ్రాంత జీవశాస్త్రోపాధ్యాయుడు):
అమ్మా, మీ అత్తగారి పక్షానే ఆధారాలు ఎక్కువగా ఉన్నాయి. వ్యాయామం చేసినప్పుడు బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీన్ పెరుగుతుంది. నాడీకణాలు నిలదొక్కుకోవడానికి, వాటి మధ్య సంధులు బలపడడానికి అది తోడ్పడుతుంది, నేర్చుకోవడమంటే చాలావరకు ఆ సంధులు బలపడడమే. చక్రంపై పరుగెత్తిన ఎలుకల మెదడులో, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ భాగంలో, కొత్త కణాలు ఎక్కువగా నిలిచాయని 1999లో వెల్లడైంది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవయసువారిపై జరిగిన అధ్యయనంలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు వడివడిగా నడిచినవారిలో ఆ భాగం పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. పిల్లల విషయానికి వస్తే, ఏడు నుండి తొమ్మిదేళ్ళ వయసువారు 221 మందితో జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. బడి విడిచాక తొమ్మిది నెలలు ఆటలాడినవారికి, దృష్టి చెదరకుండా నిలుపుకోవడం, ఒక పనినుండి మరొక పనికి మనసు మళ్ళించడం మెరుగయ్యాయి.

జవాబు (రాయగడ, ఫిజియోథెరపిస్టు):
మాస్టారు చెప్పినవి నిజమే గాని, ఒక హద్దు గీయవలసి ఉంది. ఎలుక పిల్లవాడు కాదు, పెద్దవయసువారి మెదడు పదిహేనేళ్ళవాడి మెదడు కాదు. చివరి అధ్యయనంలో మెరుగైనది ఏకాగ్రతే గాని మార్కులు కావు. కబడ్డీ ఆడితే గణితంలో ఇన్ని మార్కులు పెరుగుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే తండ్రిగారి భయానికి సూటిగా జవాబు చెప్పే ఆధారం ఒకటి ఉంది: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సి.డి.సి. 2010లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, బడిలో వ్యాయామానికి సమయం పెంచినంత మాత్రాన చదువు దెబ్బతినలేదు. కొన్నిచోట్ల మెరుగుపడింది, కొన్నిచోట్ల తేడా లేదు. నిద్ర తగ్గించి ట్యూషన్ పెంచడమే అంతకన్నా పెద్ద నష్టమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగిన తల్లి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చలికాలంలో మావైపు ఐదున్నరకే పొద్దు గూకుతుంది, ట్యూషన్ ఏడింటి వరకు ఉంటుంది. మరి ఎప్పుడు ఆడించాలి?

జవాబు (బరంపురం ఉపాధ్యాయుడు):
అమ్మా, రోజుకు కావలసిన అరవై నిమిషాల ఆటా ఒకేసారి ఉండనక్కరలేదు. ఐదు నుండి పదిహేడేళ్ళవారికి రోజుకు సగటున గంటసేపు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ట్యూషన్‌కు సైకిల్‌పై గట్టిగా తొక్కుకుంటూ వెళ్ళి వచ్చినా అందులోకే వస్తుంది; బండి మీద దింపడం మానండి చాలు. మిగిలినది ఉదయం బడికి ముందు పరుగుతోనో, ఆదివారం కబడ్డీతోనో పూరించవచ్చు. 2016లో నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగంలో, పాఠం నేర్చుకున్న వెంటనే గాక నాలుగు గంటల తరువాత వ్యాయామం చేసినవారికి రెండు రోజులయ్యాక ఎక్కువ గుర్తుంది. వారు పెద్దవారు, పైగా అది ఒక్క ప్రయోగమే కనుక దాన్ని పట్టుకొని గడియారం చూసుకుంటూ ఆడించవద్దు. ఆటను మరో ట్యూషన్‌గా మార్చితే పిల్లవాడే దాన్ని మానేస్తాడు.