1966 షెవెల్ వ్యాగన్‌లో ట్రక్కు 5.3 ఇంజిన్, 4ఎల్60ఈ గేర్‌బాక్స్: కొనేముందు సలహా కావాలి

వ్యాగన్‌బండి:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1966 షెవెల్ స్టేషన్ వ్యాగన్ (షెవ్రొలే వాళ్ల పాత అమెరికన్ కారు) ఉంది. 283 వీ8 ఇంజిన్, రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. హైవే మీద 110 కిలోమీటర్ల వేగంలో చప్పుడుకి పక్కవాళ్ల మాట వినపడదు. వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.36, టైరు ఎత్తు 27 అంగుళాలు. 2002 పికప్ నుంచి తీసిన 5.3 లీటర్ల ఎల్ఎమ్7 ఇంజిన్, దానితోపాటే 4ఎల్60ఈ గేర్‌బాక్స్ దొరుకుతున్నాయి. కంప్యూటర్, వైరింగ్ కావాలంటే విడిగా డబ్బు ఇవ్వమంటున్నాడు. కొనమంటారా? ఇంజిన్ మౌంట్లు తప్ప ఇంకేం ఇబ్బంది ఉంటుంది?

గేర్‌బాక్స్‌పిచ్చి:
మీరు ఇంజిన్ గురించి అడుగుతున్నారు గానీ మీ బాధ సగం గేర్‌బాక్స్‌దే అండీ. పవర్‌గ్లైడ్‌లో పై గేరు 1:1. మీ యాక్సిల్, టైరు లెక్క కడితే 110లో ఇంజిన్ దాదాపు 2850 ఆర్‌పీఎం తిరుగుతుంది. 4ఎల్60ఈ నాలుగో గేరు 0.70, అంటే అదే వేగంలో 2000. కింద మొదటి గేరు 3.06, పవర్‌గ్లైడ్‌లో 1.8 దగ్గర ఉంటుంది. నిండా సామాను వేసుకున్న వ్యాగన్ కదిలేటప్పుడు తేడా అక్కడే తెలుస్తుంది.

283 బ్లాకు బాగుంటే దాన్నే రిపేరు చేయించి, వెనక 200-4ఆర్ గేర్‌బాక్స్ పెట్టుకోవచ్చు. దాని ఓవర్‌డ్రైవ్ (పై గేరు) 0.67, పొడవు పవర్‌గ్లైడ్‌కి దగ్గరగానే ఉంటుంది, కంప్యూటర్ గోల లేదు. కానీ కార్బురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సెట్టింగ్ సరిగా లేకపోతే క్లచ్‌లు త్వరగా కాలిపోతాయి. ఆ కేబుల్ కిక్‌డౌన్‌కి, అంటే పెడల్ గట్టిగా తొక్కితే కింది గేరుకి దిగడానికి మాత్రమే అనుకుని కొందరు ఊడదీస్తారు, అలా చేయొద్దు. గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ప్రెషర్‌ని నడిపేది అదే.

స్పానర్‌సెట్:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ ఆయిల్ తాగే 283కి ఖర్చు పెట్టే బదులు 5.3 తీసుకోవడమే నాకు నచ్చుతుంది. 283 రెండు బ్యారెళ్ల కార్బురేటర్‌తో 195 హార్స్‌పవర్ అని కాగితం మీద ఉంటుంది, అది పాత పద్ధతిలో, ఫ్యాన్, సైలెన్సర్ లాంటివి లేకుండా కొలిచిన గ్రాస్ లెక్క. 5.3కి చెప్పే 285 అవన్నీ ఉండగా కొలిచిన నెట్ లెక్క. కాబట్టి అసలు తేడా 90 కాదు, ఇంకా ఎక్కువ.

వైరింగ్, కంప్యూటర్ లేకుండా మాత్రం కొనకండి. విడిగా వెతుక్కోవడంలో పోయే డబ్బు, ఓపిక అతను అడిగే దానికంటే ఎక్కువే అవుతాయి. థ్రాటిల్ బాడీ చూడండి. కేబుల్ తగిలించే చక్రం ఉంటే పని సులువు. మోటారు ఉంటే అది ఎలక్ట్రానిక్ థ్రాటిల్, అప్పుడు ఇంజిన్ తీసిన ఆ పికప్ యాక్సిలరేటర్ పెడల్, దాని కంట్రోల్ మాడ్యూల్ కూడా తీసుకోవాలి. 2003 నుంచి పికప్‌లలో ఎలక్ట్రానిక్‌దే వచ్చింది, మీది 2002 కాబట్టి కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

ఇక మౌంట్లు. ఎల్‌ఎస్ (ఈ 5.3 ఇంజిన్ కుటుంబం పేరు) బ్లాకుకి పాత మౌంట్లు నేరుగా సరిపోవు, మధ్యలో అడాప్టర్ ప్లేట్లు వేస్తారు. అది తేలిక. అసలు తలనొప్పి ట్రక్కు ఆయిల్ ప్యాన్. లోతు ఎక్కువ, ముందున్న క్రాస్‌మెంబర్‌కి (ఫ్రేములోని అడ్డదూలానికి) తగులుతుంది, లేదంటే రోడ్డుకి మరీ దగ్గరగా వేలాడుతుంది. కార్లకి వచ్చే తక్కువ లోతు ప్యాన్ కొనాలి. ప్యాన్‌తోపాటు అందులోంచి ఆయిల్ పీల్చే పికప్ ట్యూబు కూడా మార్చాలి, దాని ఓ-రింగ్ కొత్తది వేయాలి. ఓ-రింగ్ నలిగితే పంపు గాలి పీల్చి, ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయి. ఏసీ కంప్రెసర్ ఫ్రేముకి తగులుతుందేమో, ట్రక్కు ఇంటేక్ మీద బానెట్ మూసుకుంటుందో లేదో కూడా ఇంజిన్ వేలాడుతుండగానే చూసుకోండి.

వైర్‌మ్యాన్:
నేను చెప్పేది ఇంధనం, చల్లదనం, వైరింగ్ గురించి మాత్రమే. పాత పెట్రోలు పంపు ఇచ్చే ప్రెషర్ 5 నుంచి 7 పీఎస్‌ఐ. ఈ ఇంజిన్‌కి 58 కావాలి. ట్యాంకు లోపల ఉండే ఎలక్ట్రిక్ పంపే పెట్టండి. బయట పెట్టినవి చప్పుడు చేస్తాయి, ఎండాకాలంలో ఆవిరి పట్టి ఆగుతాయి. రబ్బరు పైపులు ఇంజెక్షన్ ప్రెషర్‌కి తయారైనవే వాడాలి. పాత కార్బురేటర్ పైపు ఈ ప్రెషర్‌కి చిట్లుతుంది, ఎగ్జాస్ట్ పక్కన పెట్రోలు చిమ్మితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1999-2003 కొర్వెట్‌కి వచ్చే ఫిల్టర్‌లోనే 58 పీఎస్‌ఐ రెగ్యులేటర్ ఉంటుంది, చాలామంది అదే వాడతారు. దాన్ని ట్యాంకు దగ్గర పెడితే రిటర్న్ పైపు ముందుదాకా లాగక్కర్లేదు.

రేడియేటర్ విషయంలో జనం వదిలేసేది సిలిండర్ హెడ్‌ల మీద ఉండే సన్నని ఆవిరి ట్యూబు. అది రేడియేటర్ పైభాగానికో, రిజర్వాయర్‌కో కలపాలి. మూసేస్తే హెడ్‌లో గాలి చిక్కుకుని, గేజ్ మామూలుగా చూపిస్తున్నా ఒకచోట వేడెక్కుతుంది. ఎర్త్ వైర్లు కూడా: బ్యాటరీ నెగెటివ్ నుంచి బ్లాకుకి, బ్లాకు నుంచి ఫ్రేముకి, బాడీకి. కంప్యూటర్ పిచ్చి పిచ్చిగా ప్రవర్తిస్తే ముందు ఇవే చూడండి.

కంప్యూటర్ ట్యూనింగ్ చేయించేటప్పుడు దొంగతనం నిరోధక లాక్ తీయించండి, లేకపోతే స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతుంది. టైరు సైజు, 3.36 యాక్సిల్ కూడా అందులో రాయించాలి. గేరు ఎప్పుడు మార్చాలో అది వాటినిబట్టే లెక్క వేస్తుంది.

వ్యాగన్‌బండి:
చాలా థాంక్స్. కార్డాన్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే షాఫ్ట్) సంగతి? క్రాస్‌మెంబర్?

గేర్‌బాక్స్‌పిచ్చి:
4ఎల్60ఈ మీ పవర్‌గ్లైడ్ కంటే పొడవు, సుమారు 3 అంగుళాలు. వెనక మౌంట్ వెనక్కి జరుగుతుంది, షాఫ్ట్ కోయించాలి. ముందుగా కోయించకండి. ఇంజిన్, గేర్‌బాక్స్ బిగించి, చక్రాల మీద బరువు ఉన్నప్పుడు కొలవండి. జాకీ మీద వేలాడే యాక్సిల్‌తో తీసిన కొలత తప్పు. షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్స్‌లోకి దూరే స్లిప్ యోక్ మాత్రం పాతదే పనికొస్తుంది, రెండు గేర్‌బాక్సులకీ 27 స్ప్లైన్లే (పళ్ల గాళ్లే). ఇంజిన్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంటే పినియన్ (యాక్సిల్‌లో షాఫ్ట్ తగిలే గేరు) అంతే పైకి చూడాలి, లేకపోతే 80 కిలోమీటర్ల వేగం దాటాక వణుకు వస్తుంది.

టార్క్ కన్వర్టర్‌ని (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో తిరిగే భాగం) గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా నెట్టారో లేదో చూడండి. బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు గంట ఆకారపు భాగం) చేత్తో నెడితేనే బ్లాకుకి ఆనాలి. ఆనాక కన్వర్టర్, ఇంజిన్ వెనకుండే ఫ్లెక్స్‌ప్లేట్ మధ్య కొంచెం ఖాళీ, 3 మిల్లీమీటర్లు దరిదాపు, మిగలాలి. ఖాళీ లేకుండా బోల్టులు బిగించి దగ్గరికి లాగితే మొదటి స్టార్ట్‌లోనే గేర్‌బాక్స్ ఆయిల్ పంపు పగులుతుంది.

స్పానర్‌సెట్:
ఇంజిన్ కంటే ముందు బ్రేకులు మార్చండి బ్రదర్. 1966 షెవెల్‌లో మాస్టర్ సిలిండర్ ఒకే గది. ఒక్క పైపు కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967లో షెవెల్‌కి రెండు గదులది వచ్చింది. ముందు డిస్కులు, రెండు గదుల సిలిండర్ వేసి, పాత ఇంజిన్‌తోనే కొన్నాళ్లు తిప్పి చూసి, ఆ తర్వాత ఇంజిన్ మార్చండి. ఒకేసారి రెండూ విప్పితే బండి నెలల తరబడి స్టాండ్ల మీదే ఉంటుంది. ఇంజిన్ నంబర్ మారుతుంది కాబట్టి మీ దగ్గర రిజిస్ట్రేషన్, పొగ నియమాలు కూడా కొనేముందే కనుక్కోండి.

వ్యాగన్‌బండి:
బ్రేకులు ఈ నెలే. ట్యాంకు కూడా అప్పుడే దించేస్తాను. సెడాన్ ట్యాంకు, పంపుతో కలిపి అమ్ముతున్నారు, సరిపోతుందా?

వైర్‌మ్యాన్:
తీసుకోవద్దు, వ్యాగన్ ట్యాంకు వేరు. వ్యాగన్‌కే అని స్పష్టంగా రాసి ఉన్నది చూడండి, లేదా మీ ట్యాంకు శుభ్రం చేయించి పైన పంపు అమర్చించండి. లోపల పెట్రోలు మట్టం గేజ్‌కి చెప్పే లెవెల్ సెండర్ 0 నుంచి 90 ఓమ్స్‌ది ఉండాలి, 1966 గేజ్‌కి అదే సరిపోతుంది. ట్యాంకు పైకి ఎక్కించేముందే మీటర్ పెట్టి, ఖాళీకి 0, నిండుకి 90 చూపిస్తోందో లేదో చూసుకోండి.