మూడు తరగతులు ఒకే గదిలో: పాపను ఈ బడిలోనే ఉంచాలా?

ఆదోని నాన్న: మా ఊరు ఆదోనికి 12 కిలోమీటర్లు. పాప మూడో తరగతి. సర్కారు బడిలో 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఒకటి, రెండు తరగతులు ఒక గదిలో, మూడు నుంచి ఐదు దాకా ఇంకో గదిలో. ‘ఆడ సగం చదువే’ అని మా బావమరిది రోజూ పోరు పెడుతున్నాడు. ఆదోనిలో ప్రైవేటు బడికి ఆటో మాట్లాడాలా?

పత్తికొండ వైపు టీచర్: పధ్నాలుగేళ్లుగా ఇదే పని నాది. ఐదో తరగతికి భాగహారం చెప్తుంటే మూడో తరగతి వాళ్లకు ఏదో ఒకటి ఎత్తిరాయమని ఇస్తాం. అది చదువు కాదు, నోరు మూయించడం. తోటి టీచర్ మీటింగుకు పోయిన రోజు ఐదు తరగతులూ నావే. ఇది ఎక్కడో జరిగిన పొరపాటు అనుకోకండి. విద్యాహక్కు చట్టం లెక్కే ప్రైమరీలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులకు ఇద్దరంటే కలిపి కూర్చోబెట్టక ఏం చేస్తాం?

అనంతపురం అమ్మాయి: నేను చదివింది ఏకోపాధ్యాయ బడి. రెండో తరగతిలో ఉండగానే పెద్దపిల్లల ఎక్కాలు వినీ వినీ పన్నెండో ఎక్కం వచ్చేసింది. ఇంగ్లిషు మాత్రం ఆరో తరగతిలో పట్నం పోయాక ఏడిపించింది. చిన్నపిల్లలకు లాభం, ఐదో తరగతి వాళ్లకు నష్టం అని నా అనుభవం.

కడప సార్: మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బళ్ల కోసం వేరే దారి పట్టారు. తరగతి వారీ పాఠం ఉండదు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలా పేర్చారు. పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ కార్డు తీసుకుంటుంది. కొందరు టీచర్ దగ్గర, కొందరు తోటిపిల్లలతో, కొందరు సొంతంగా పని చేస్తారు. చెన్నై కార్పొరేషన్ బళ్ల వాళ్లు ఇక్కడికి వచ్చి చూసిపోయాకే అక్కడ మొదలుపెట్టారు, తర్వాత తమిళనాడు అంతా పాకింది.

మన కర్నూలు పడమటి మండలాలకు ఇది ఇంకా బాగా అతుకుతుంది. అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే కోత పనుల వలసకి, గుంటూరు మిరపచేలకు పోయిన పిల్ల రెండు నెలలకు తిరిగొస్తే, పుస్తకంతో నడిచే బడిలో పాఠాలు దాటిపోయి ఉంటాయి. నిచ్చెన పద్ధతిలో ఆపిన మెట్టు నుంచే ఎక్కుతుంది.

పత్తికొండ వైపు టీచర్: సార్, బాగుంది. చిరిగిన కార్డుల బదులు కొత్తవి ఎవరిస్తారు? రెండు రోజుల ట్రైనింగుతో ఆ పద్ధతి రాదు. భోజనం ఫోటోలు, యాప్‌లలో హాజరు... ఆ పనులు తగ్గించి చెప్పండి, చేస్తా.

పులివెందుల కుర్రోడు: ఒక్కో తరగతికి ఒక్కో టీచర్ ఇచ్చేస్తే ఈ గొడవే ఉండదు కదా?

కడప సార్: 34 మందికి ఐదుగురు టీచర్లా? ఇంకో దారీ చూశాం బాబూ. 2022లో జీవో 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు కలిపారు, సబ్జెక్టుకో టీచర్ దొరుకుతారని. పసిపిల్లలు అంత దూరం పోవాలా అని తల్లిదండ్రులు గొడవ చేశారు. 2025లో దాన్ని రద్దు చేశారు. దగ్గర బడి కావాలంటే కలిపి కూర్చోవడం తప్పదు. కలిపి ఎలా చెప్తున్నారన్నదే చూడాలి.

ఆదోని నాన్న: నిన్న బడికి పోయి మధ్యాహ్నం దాకా కూర్చున్నా. మేడం ఐదో తరగతితో ఉంటే మా పాప ఇంకో పాపకు తీసివేతలో అప్పు తెచ్చుకోవడం చెప్తా ఉంది. అది చూసి సంతోషమే. మా పాప తెలుగు నోటుబుక్కు తీస్తే మూడు వారాలుగా ఎత్తిరాతలే, ఒక్క సొంత వాక్యం లేదు. మేడంను అడిగితే ‘నిజమే అన్నా, తెలుగుకే టైం చాలడం లేదు’ అన్నారు. దాచకుండా చెప్పారు కాబట్టి ఆటో అతనికి ఈ ఏడాదికి వద్దన్నా. రోజుకు ఐదు వాక్యాలు ఇంట్లో నేనే రాయిస్తా.

అనంతపురం అమ్మాయి: అన్నా, ఇంగ్లిషు కూడా!