"పంగొపంగొ యున్న పసిఫిక్కు దీవిలో": మిగతా పాదాలు ఎవరికైనా గుర్తున్నాయా?

గోదారిగట్టు: మా భూగోళం మాస్టారు రాజధానులన్నీ పద్యాల్లో వల్లె వేయించేవారు. అమెరికన్ సమోవా (పసిఫిక్‌లో అమెరికా ఏలుబడిలోని దీవులు) మీద ఒక ఆటవెలది ఉండేది. మొదటి పాదం పైన ఇచ్చాను. రెండోది "ఊరులన్ని కూడి యొక్కటయ్యె" అని గుర్తు. తర్వాతి రెండు పాదాలు రావడం లేదు. వారం నుంచీ ఇదే ధ్యాస.

కృష్ణాతీరం: పాదాల సంగతి తర్వాత, ముందు ఆ రాజధాని పేరు సరిచేయండి. పోటీ పరీక్షల పుస్తకాల్లో చూసింది "పాగో పాగో" అనే. "పంగొ" ఎక్కడిది?

ఓరుగల్లు: పాగో పాగో అంటే నాలుగూ గురువులే కదండీ, ఆటవెలది మొదట్లో కూర్చోదు. పంగొ, పంగొ అంటే రెండు హగణాలు (గురువు పక్కన లఘువు), మొదట్లో రావాల్సిన సూర్యగణాలే. చక్కగా సరిపోయింది. మాస్టారు తెలిసే రాశారు.

కృష్ణాతీరం: గణాల కోసం ఊరి పేరు మార్చేస్తామా?

దక్షిణవాటిక: ఆయన మార్చలేదు. సమోవావాళ్ళు జి అక్షరం రాసి ఙ పలుకుతారు. మా పెద్దనాన్నగారి వైపు వాళ్ళు ఫిజీలో ఉన్నారు, అక్కడా అంతే. సిగటోకా అని రాసి ఉంటుంది, పలికేది సిఙటోకా. ఫిజీలో మనవాళ్ళు చెరకు తోటల పనికి వెళ్ళి స్థిరపడ్డ చోటే అది. టోంగావాళ్ళు ఇదే ధ్వనికి ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, జి రెండూ కలిపి రాస్తారు.

ఓరుగల్లు: మరి ఙ అయితే గ ఎందుకు కలుస్తుంది? మనం సున్న పెట్టి గ రాస్తే, అంగడిలో లాగా, ఙ తర్వాత గ కూడా పలుకుతాం. సమోవా పలుకులో ఆ గ లేదు. కాబట్టి "పఙొపఙొ" అని రాయాలి.

కృష్ణాతీరం: వాఙ్మయాన్నే "వాజ్మయం" అని అచ్చు వేస్తున్న రోజుల్లో ఙొ అని ఎవరు చదువుతారండీ?

ఓరుగల్లు: చదవకపోతే నేర్పాలి. హల్లుల్లో ఐదో అక్షరాన్ని అలంకారానికి పెట్టుకోలేదు. పైగా పఙొపఙొ నాలుగు లఘువులు, అంటే నలము, సూర్యగణం కాదు, ఇంద్రగణం. అప్పుడు పాదం మొత్తం మళ్ళీ కట్టాలి. మాస్టారు సున్నతో సరిపెట్టింది అందుకేనేమో.

మొల్లతోట: అసలు రెండో పాదం మీద నాకు అనుమానం. "దీవులన్ని కూడి" అని ఉండాలి. టుటూయిలా, మనువా దీవులు కలిసిందే కదా ఆ ప్రాంతం? టుటూయిలా 1900లో, మనువా 1904లో అమెరికాకు దక్కాయి.

గోదారిగట్టు: యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) పోతుందండీ. దీ కీ యొ కీ పొత్తు కుదరదు. ఊ, ఒ అయితే కుదురుతాయి. అర్థం కూడా ఊళ్ళకే బాగుంది. పాగో పాగో ఒక్క ఊరు కాదు, రేవు చుట్టూ వరసగా ఉన్న పల్లెలు. శాసనసభ ఫాగాటోగోలో, గవర్నరు కార్యాలయం ఉటులేయిలో.

మొల్లతోట: "కూడి" తర్వాత "యొక్కట" అని యకారం వచ్చింది. దానికి యతి ఎలా చెల్లుతుంది?

ఓరుగల్లు: "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" చెల్లలేదా? ఉ కి నొ లోని ఒ. వేమన్న దగ్గరే ఉంది మీ జవాబు.

మొల్లతోట: అక్కడి న ద్రుతమా (పదం చివర చేరే ఉత్త నకారమా), సముచ్చయమా ("కూడా" అనే అర్థమిచ్చేదా)?

ఓరుగల్లు: సముచ్చయమే. ఉప్పును, కప్పురమును. ద్రుతం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించినప్పటి నుంచీ వేమన్నకు పాఠాంతరాల బెడద ఉంది గానీ, ఈ పాదం నోటి మీద నిలిచిన పాదం.

కృష్ణాతీరం: వేమన్నను చదివితే నాకు గణాలే గుర్తు రావు. మాట్లాడుతున్నట్టే ఉంటుంది, తీరా లెక్కపెడితే అన్నీ సరిపోయి ఉంటాయి. ఆ సులువు ఇంకెవరికీ పట్టుబడలేదు.

దక్షిణవాటిక: పద్యంలో రాజధాని ఒక్కటే చెబితే పిల్లలు అదే పెద్ద ఊరనుకుంటారు. 2010 జనగణనలో పాగో పాగో పల్లెలో 3,656 మంది, తాఫునలో 9,756 మంది. విమానాశ్రయం కూడా తాఫున వైపే. మొత్తం జనాభా 2010లో 55,519 ఉంటే 2020కి 49,710కి తగ్గింది. మూడో పాదం తాఫున గురించి ఉంటే బాగుండేది.

గోదారిగట్టు: మాస్టారి పాదాలు దొరికే దాకా ఇది పెట్టుకుందాం: "తాఫునందు జనులు దండిగా నుందురు". తా, దం యతి సరే కదా? నాలుగోది పూరించండి.

ఓరుగల్లు: మా తాత విమానాన్ని గాలిమోటరు అనేవాడు. "గాలిమోట రచటఁ గాలు మోపు."

మొల్లతోట: భేష్. కానీ మా వైపు "గాలిమోటారు" అంటాం, టా దీర్ఘం.

ఓరుగల్లు: దీర్ఘం పెడితే రెండో గణం చెడుతుందండీ.

మొల్లతోట: జనం పలికినట్టు రాయాలని ఙొ కోసం ఇందాక వాదించింది మీరే కదా?