అప్‌డేట్: పాత గోడ రంగే, కడిగే పెయింట్‌లో దొరికింది

హాలు గోడ మీది పాత మ్యాట్ (మెరుపు లేని) రంగంటే నాకు ప్రాణం, కానీ తడిగుడ్డతో తుడిస్తే చాలు మచ్చ పడుతోంది, అదే రంగును కడగడానికి వీలైన పెయింట్‌లో ఎలా కలిపించాలి అని ఇక్కడ అడిగాను కదా. పని పూర్తయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఫలించింది గోడ పెచ్చు సలహానే. పటం వెనక, ఎండ తగలక రంగు వెలవని చోట, అగ్గిపెట్టెంత పెచ్చు నలగకుండా తీసి షాపుకి పట్టుకెళ్లాను. మెషిన్‌లో స్కాన్ చేసి కలిపారు. అసలు విషయం కలిపే ఆయన చెప్పాకే తెలిసింది: కడిగే పెయింట్‌కి కాస్త మెరుపు ఉంటుంది కాబట్టి రంగు అదే అయినా గోడ మీద ముదురుగా కనిపిస్తుందట. అందుకే ముందు చిన్న డబ్బానే తీసుకుని అట్టముక్కకి రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరాక గోడకి ఆనించి చూశాను. పగటి వెలుగులో అచ్చం అదే. రాత్రి ఎల్‌ఈడీ కింద మాత్రం కొంచెం పచ్చగా కొట్టింది. షాపులో స్టెయినర్ (పెయింట్‌లో కలిపే చిక్కటి రంగు) కాస్త సర్దారు, కుదిరింది.

పాత డబ్బా మీది కోడ్ పనికి రాలేదు. అది మ్యాట్ బేస్‌కి (రంగు కలపక ముందుండే మూల పెయింట్‌కి) రాసిన ఫార్ములా. బేస్ మారితే కొలతలూ మారతాయి. ఫోన్ ఫొటోలు అసలే వద్దు, కెమెరా రంగును తనకు తోచినట్టు మార్చేస్తుంది.

వేసిన వెంటనే మాత్రం కడగకండి. పెయింట్ గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మా గోడ మీది పెన్సిల్ గీతలు ఇప్పుడు మెత్తటి స్పాంజి, సబ్బునీళ్లతో పోతున్నాయి, రంగు చెదరడం లేదు.