'సీఐడీ'లో తప్పులు: నవ్వుకుని వదిలేయాలా, పట్టించుకోవాలా?

చెరువుగట్టు: హిందీ టీవీ సీరియల్ 'సీఐడీ' పాత ఎపిసోడ్లు మళ్లీ చూస్తున్నా. శవం పొట్ట కదలడం, గ్లవ్స్ లేకుండా కత్తి పట్టుకోవడం లాంటివి నవ్వుకుని వదిలేస్తా. కానీ చివర్లో ఇన్‌స్పెక్టర్ దయా చెంప ఛెళ్లుమనిపించగానే హంతకుడు మొత్తం కక్కేస్తాడు, కేసు క్లోజ్. ఇదొక్కటే నాకు మింగుడుపడదు. పోలీసు దగ్గర నేరం ఒప్పుకున్నా ఆ మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్‌లో 25వ సెక్షన్ ఇదే చెప్పింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 23వ సెక్షన్.

రాత్రి_డ్యూటీ: బ్రో, వాయిదాల మీద వాయిదాలు చూపిస్తే ఎవరు చూస్తారు? 1998 నుంచి 2018 దాకా ఇరవై ఏళ్లు నడిచింది. జనం సెక్షన్ల కోసం చూశారా? దయా తలుపు పగలగొడతాడని చూశారు.

పాలపిట్ట: అందులో ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంఖే సంగతి కూడా చెప్పుకోండి. పోస్టుమార్టం ఆయనే, విషం పేరు చెప్పేదీ ఆయనే. అసలైతే పోస్టుమార్టం ఆస్పత్రి మార్చురీలో జరుగుతుంది. విసెరాని, అంటే లోపలి అవయవాల నమూనాలని, సీసాల్లో పెట్టి సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపుతారు. మా బాబాయి పోయినప్పుడు ఆ రిపోర్టు కోసం నెలల తరబడి తిరిగాం. "టీవీలో అరగంటలో తేల్చేస్తారు, వీళ్లు ఎవరి దగ్గరో డబ్బు తిని ఆపుతున్నారు" అని పిన్ని గట్టిగా నమ్మింది. ఎంత చెప్పినా వినలేదు. ఆ అనుమానంతో అత్తవైపు వాళ్లతో మాటలే పోయాయి.

రాత్రి_డ్యూటీ: అయ్యో, సారీ అండి. కానీ రిపోర్టు నెలలు పట్టడం సీరియల్ తప్పు కాదు కదా?

పాలపిట్ట: ఆలస్యం దాని తప్పు కాదు. అరగంటలో వస్తుందని నమ్మించడం మాత్రం దాని పనే.

చెరువుగట్టు: 2004లో 111 నిమిషాల ఎపిసోడ్‌ని ఒక్క కట్ లేకుండా తీసిన టీమ్ ఇది. పక్కన ఒక లాయర్‌ని కూర్చోబెట్టుకోలేరా? పైగా చట్టంలోనే మంచి సీన్ ఉంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పినదాన్ని బట్టి కత్తి దొరికితే, దాన్ని పట్టించిన మాటలు మాత్రం కోర్టులో చెల్లుతాయి. పంచుల (పోలీసులు పిలిపించిన సాక్షుల) ముందు వాడు పాడుబడ్డ బావి దగ్గరికి నడుస్తుంటాడు, కత్తి అక్కడ ఉందో లేదో ఎవరికీ తెలీదు. చెంపదెబ్బకి ఇంత టెన్షన్ ఉందా?

రాత్రి_డ్యూటీ: బావి సీన్ బాగుంది, ఒప్పుకుంటా. తలుపు జోలికి మాత్రం రావద్దు.