అప్‌డేట్: ఆమ్‌స్టర్‌డామ్ వానల్లో పనీ, తిరుగుడూ

నవంబరు వానల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాప్‌టాప్‌తో ఎక్కడ కూర్చోవాలో, కాలువల వెంట ఎప్పుడు తిరగాలో ఇదివరకు అడిగాను. సెంట్రల్ స్టేషన్ దగ్గరి ఓబీఏ (నగర ప్రజా గ్రంథాలయం) పేరు చెప్పినవారికి కృతజ్ఞతలు. శీతాకాలంలో భారత కాలమానం నాలుగున్నర గంటలు ముందుంటుంది కనుక, హైదరాబాదులో మా బృందం సాయంత్రం 6 గంటలకు పని ముగించేసరికి ఇక్కడ మధ్యాహ్నం 1.30 మాత్రమే అవుతుంది. చీకటి పడేలోగా ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువ వెంట తీరిగ్గా నడవవచ్చు. గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటే మేలు (ఇక్కడివారు వానలోనూ సైకిలు దిగరు). 17వ శతాబ్దపు ఇళ్ళ పైకొసన ముందుకు పొడుచుకొచ్చిన దూలానికి ఇనుప కొక్కెం ఉంటుంది. లోపలి మెట్లు మరీ ఇరుకు కావడంతో, బరువైన సామానును ఇప్పటికీ దానికి తాడు వేసి లాగి కిటికీలోంచి చేరుస్తారు. వాన పెరిగితే స్టేషన్ వెనుక ఫెర్రీ ఎక్కి ఆవలి ఒడ్డుకు పోతున్నాను. దానికి టికెట్ అక్కర్లేదు.