కొరడా పురుగు గుడ్లు శుభ్రమైన మీడియంలో ఎందుకు పగలవు?

మైక్రో_పీజీ: ఎలుకల్లో ఉండే కొరడా పురుగు, ట్రైక్యూరిస్ మ్యూరిస్ గుడ్లివి. లోపల లార్వా తయారై కదులుతోంది. 37 డిగ్రీల్లో స్టెరైల్ మీడియంలో (సూక్ష్మజీవులేవీ లేని పోషక ద్రవంలో) పెడితే గుడ్లు పగలడం లేదు. లోపం ఎక్కడ?

పేగులోకం: బ్యాక్టీరియా లేకపోవడమేనండీ. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా ఈ.కోలై కలపండి. మాంచెస్టర్ పరిశోధకులు 2010లో చూపించింది ఇదే. గుడ్డు రెండు కొసల్లో ఉండే బిరడాలకు బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుంటే లార్వా బయటపడుతుంది. పక్కన ఉంటే చాలదు, తాకాలి. అతుక్కునేది టైప్ 1 ఫింబ్రియేతో, అంటే బ్యాక్టీరియా ఒంటి మీది సన్నని నూగుతో. అందుకే కల్చర్‌ను షేకర్ మీద పెట్టకండి, బ్రాత్‌లో (ద్రవ మీడియంలో) కదపకుండా 37 డిగ్రీల్లో రాత్రంతా పెంచండి. గట్టిపడిన మీడియం అగర్ మీద పెంచినా ఫింబ్రియే తగ్గుతాయి. మాన్నోస్ అనే చక్కెర మాత్రం కలవనివ్వకండి, ఫింబ్రియే కొసలను అది పట్టేసుకుంటుంది.

రమ్య_ఎమ్మెల్టీ: అలాగైతే మనుషులకు యాంటీబయోటిక్ ఇస్తే కొరడా పురుగు పోతుందా?

పేగులోకం: పోదండీ. పేగు గోడలో తల దూర్చేసిన పురుగుకు గుడ్డు దశతో పనిలేదు. ఎలుకలకు ముందుగా యాంటీబయోటిక్ ఇస్తే తక్కువ పురుగులు స్థిరపడ్డాయి, అంతవరకే. ఇంకో సంగతి: మొదట చేరిన పురుగులు పేగు బ్యాక్టీరియాను మార్చేస్తాయి, ఆ మారిన బ్యాక్టీరియాతో తర్వాత వచ్చే గుడ్లు సరిగా పగలవు. నాకు ఈ రంగంలో అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే. మందు విషయానికొస్తే, ఫిబ్రవరి 10న బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మోతాదు ఏలికపాములకు బాగా పనిచేస్తుంది, కొరడా పురుగుకు తక్కువ. అందుకే డాక్టర్లు దీనికి మూడు రోజులు రాస్తారు.

వార్డు_మైక్రో: బ్యాక్టీరియాతో ముడిపడిన పురుగు ఇంకోటి ఉంది, ఆసుపత్రిలో ప్రాణం మీదికి తెచ్చేది అదే: స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు. స్టెరాయిడ్ పడగానే లార్వాలు విపరీతంగా పెరిగి పేగు గోడను తొలుచుకుపోతాయి, ఈ.కోలై, క్లెబ్సియెల్లాలను వెంటబెట్టుకుని రక్తంలోకి చేరుస్తాయి. కారణం తెలియని గ్రామ్ నెగెటివ్ సెప్సిస్ (ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా రక్తంలో చేరి వచ్చే తీవ్ర జబ్బు), మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వస్తే, రోగి స్టెరాయిడ్ల మీద ఉంటే, దీన్ని తప్పక అనుమానించండి. పురుగులుంటే పెరిగే తెల్ల రక్తకణాలు ఇయోసినోఫిల్స్ మామూలుగా ఉన్నాయని వదిలేయకండి, స్టెరాయిడ్ వాటిని అణచేస్తుంది. యాంటీబయోటిక్ ఒక్కటే ఇస్తే లార్వాలు మళ్లీ బ్యాక్టీరియాను మోసుకొస్తాయి, పురుగు మందు ఐవర్‌మెక్టిన్ కూడా పడాలి.

రమ్య_ఎమ్మెల్టీ: ల్యాబ్‌లో ఈ స్ట్రాంగిలాయిడిస్‌ను పట్టుకోవడం ఎలా సార్?

వార్డు_మైక్రో: అగర్ ప్లేట్ మధ్యలో సుమారు 2 గ్రాముల మలం పెట్టి, అంచుల చుట్టూ టేపు వేసి, గది వేడిమిలో రెండు రోజులు ఉంచమ్మా. లార్వాలు పాకిన దారిలో వాటికి అంటిన బ్యాక్టీరియా కాలనీలుగా పెరిగి గీతల్లా కనిపిస్తాయి. గ్లౌజులు తప్పనిసరి, లార్వాలు చర్మంలోంచి దూరతాయి.

రమ్య_ఎమ్మెల్టీ: ఫ్రిజ్‌లో ఉన్న శాంపిల్ పనికొస్తుందా?

వార్డు_మైక్రో: రాదు. చల్లదనానికి లార్వాలు చస్తాయి. తాజాది తెప్పించు, ఒకటి నెగెటివ్ వస్తే ఇంకో రెండు మూడు రోజులు కొత్త శాంపిల్ అడుగు.